కింద పడితే పై ముందు పళ్లే ఎక్కువగా ఎందుకు విరుగుతాయి?

పై వరుస మధ్య రెండు పళ్లు అన్నిటికన్నా ముందుకు ఉండటం, పై దవడ కదలకపోవడం వల్ల దెబ్బంతా వాటి మీదే పడుతుంది. కింది దవడ కదులుతుంది కాబట్టి కొంత తప్పించుకుంటుంది. ఎత్తుపళ్లుండి పెదవి సరిగ్గా మూసుకోని పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆమదాలవలసలో సిమెంటు రోడ్డు మీద సైకిల్‌తో బోర్లా పడ్డ పదేళ్ల పిల్లాడికి సాధారణంగా పన్ను అంచు విరుగుతుంది. అదే రెండేళ్ల పసివాడికైతే ఎముక మెత్తన, అందుకే పాలపన్ను విరగడం కంటే కదలడం, లోపలికి దిగబడటమే ఎక్కువ.

ఊడిన పన్ను ఇక పనికిరాదని చాలామంది పారేస్తారు. దయచేసి పారేయకండి! శాశ్వత పన్నైతే వేరు ముట్టుకోకుండా, రుద్దకుండా, పాలల్లో వేసి వెంటనే, వీలైతే అరగంటలోపే, పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మళ్లీ నిలబడే అవకాశం ఉంది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు. చిగురు లోపల ఎదిగే శాశ్వత పన్ను దెబ్బతినొచ్చు.