కరెంటు వైరులో నెట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి కొర్లగుంటలో పాత మిద్దె. రూటర్ కింద హాల్లో ఉంది. మిద్దె మీద గదిలో మా తమ్ముడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాడు. వాడి టేబుల్ దగ్గర సిగ్నల్ ఒక్క గీత కూడా ఉండదు, మీటింగ్ మధ్యలో ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదికొచ్చి కూర్చుంటాడు. గోడలు కొట్టేది లేదని మా నాయన కరాఖండిగా చెప్పేశాడు. కరెంటు ప్లగ్గులో పెడితే నెట్ పైకి పోయే అడాప్టర్లు ఉన్నాయట కదా, 1200 ఎంబీపీఎస్ అని రాసుంది. కొనొచ్చా?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: కొనొచ్చమ్మా. కాకపోతే నచ్చకుంటే వాపసు తీసుకునే చోటే కొనండి. అది మీ ఇంట్లో పనిచేస్తుందా లేదా అన్నది గోడల్లో ఉన్న వైరింగ్ తేల్చాలి తప్ప, పెట్టె మీది అంకెను చూసి చెప్పలేం.

సంగతేమిటంటే, మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఈ అడాప్టర్ అదే తీగ మీద సుమారు 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు, ఏవీ2 అని రాసి ఉండే తర్వాతి రకాలైతే 86 వరకు, చాలా తక్కువ శక్తి ఉన్న సిగ్నల్‌ను ఎక్కిస్తుంది. కరెంటు దారి కరెంటుది, నెట్టు దారి నెట్టుది. రూటర్ నుంచి చిన్న లాన్ వైరు కింది అడాప్టర్‌కు, పై గదిలో రెండో అడాప్టర్ నుంచి ల్యాప్‌టాప్‌కు, అంతే. వైఫై ఉన్న మోడల్ తీసుకుంటే పైన ఆ వైరు కూడా అక్కర్లేదు. ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు, ఈ అడాప్టర్ల కోసం చేసిన హోమ్‌ప్లగ్ ఏవీ అనే ప్రమాణం 2005లోనే వచ్చింది, ఐట్రిపుల్‌ఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం వాళ్ళ 1901 ప్రమాణం 2010లో.

ఇక 1200 సంగతి. పోయేదీ వచ్చేదీ కలిపి, తీగ మీద అన్నీ కుదిరితే ఉండే లెక్క అది. ఇంట్లో చేతికొచ్చేది అందులో చిన్న భాగమే. 600 అని రాసిన చాలా మోడళ్ళకైతే లాన్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది ఉంటుంది, గొట్టం చివర సన్నగా ఉంటే ట్యాంకు ఎంత పెద్దదైతే ఏం లాభం? కొనే ముందు ‘గిగాబిట్ పోర్టు’ (అంటే 1000 ఎంబీపీఎస్‌ది) అని ఉందో లేదో చూడండి. అలాగని నిరుత్సాహపడొద్దు. మీ తమ్ముడి వీడియో మీటింగ్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ ఆగకుండా వస్తే చాలు, 30, 40 నిలకడగా అందితే అతని పని హాయిగా జరిగిపోతుంది.

ఇబ్బందులు ఎక్కడొస్తాయో చూద్దాం. మీ హాలు ప్లగ్గు నుంచి పై గది ప్లగ్గుకు నిలువునా కొలిస్తే పదిహేను అడుగులే ఉండొచ్చు, కానీ సిగ్నల్ స్లాబులోంచి దూకదు. హాలు స్విచ్‌బోర్డు నుంచి పైపులో వెనక్కి మెయిన్ బోర్డుకు పోయి, అక్కడ ఎంసీబీలు (ట్రిప్ అయ్యే స్విచ్‌లు) దాటుకుని, మళ్ళీ ఇంకో లైనులో పైకి ఎక్కాలి. పాత ఇళ్ళలో దారి పొడవునా జాయింట్లు, టేపు చుట్టిన అతుకులు, ప్రతిచోటా కొంత కొంత పోతుంది. పైగా త్రీఫేజ్ మీటరు ఉన్న ఇల్లయితే కింద ఒక ఫేజు, పైన ఇంకో ఫేజు ఇచ్చి ఉంటారు. అప్పుడు సిగ్నల్ ఒక ఫేజులోంచి పక్క ఫేజులోకి కారినంత మేరకే పైకి చేరుతుంది. మీ ఇంటికి వైరింగ్ చేసిన కరెంటు మేస్త్రీని అడిగితే హాలు, పై గది ఒకే ఫేజు మీద ఉన్నాయో లేదో చెప్పేస్తాడు. బోర్డు మీరు విప్పకండి.

అడాప్టర్‌ను నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, స్పైక్ గార్డ్ అసలే వద్దు, ఎందుకంటే కరెంటులోని అలజడిని మింగేయడానికే దాన్ని తయారు చేశారు, మీ నెట్ సిగ్నల్ కూడా దానికి అలజడిలాగే కనబడుతుంది. పక్క ప్లగ్గులో చౌక రకం మొబైల్ చార్జర్ ఉంటే తీసేయండి. మిక్సీ వేసినప్పుడల్లా, లేదా బోరు మోటారు ఆన్ చేసినప్పుడల్లా మీటింగ్ తడబడుతోందంటే మీ అనుమానం నిజమే, వాటి రొద తీగలోకి ఎక్కుతుంది. రొద ఉన్న ఫ్రీక్వెన్సీలను వదిలేసి మిగతావాటిలో పంపే తెలివి అడాప్టర్‌కు ఉంది కానీ దానికీ ఓ హద్దుంది కదా.

కొన్న రోజే ఇలా చేయండి. ముందు రెండు అడాప్టర్లనూ హాల్లోనే, పక్కపక్క గోడల ప్లగ్గుల్లో పెట్టి ల్యాప్‌టాప్‌కు లాన్ వైరు తగిలించి స్పీడ్ చూడండి. మీ ఇంట్లో దానికి అంతకంటే మంచి పరిస్థితి దొరకదు. తర్వాత రెండోదాన్ని పై గదికి తీసుకెళ్ళి, ఉన్న ప్రతి ప్లగ్గులోనూ పెట్టి చూడండి. ఒకే గదిలో ఒక ప్లగ్గులో ఎర్ర లైటు, ఎదురు గోడ ప్లగ్గులో పచ్చ లైటు రావడం మామూలే. పగలు ఒకసారి, సాయంత్రం ఇంట్లో అన్ని లైట్లూ టీవీ వేశాక ఒకసారి చూడాలి. అన్ని ప్లగ్గుల్లోనూ ఎరుపేనా, మొహమాటపడకుండా వాపసు ఇచ్చేయండి.

అయితే నన్నడిగితే, అడాప్టర్ కొనే ముందు ఇంకో పని చేసి చూడమంటాను. పాత ఇల్లు అంటున్నారు కాబట్టి పై గదికి కేబుల్ టీవీ వైరు గోడలోని పైపులోంచి వెళ్ళి ఉండొచ్చు. ఇప్పుడు దాన్ని ఎవరూ వాడకపోతే దాని చివర క్యాట్6 అనే రకం లాన్ వైరు గట్టిగా కట్టి, టేపు చుట్టి, పైనుంచి పాత వైరును లాగితే కొత్తది దాని వెంట వచ్చేస్తుంది. గోడ పగలదు, నాయనకు కోపం రాదు. పైన మీ పాత రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఆ వైరులో వచ్చే నెట్‌ను వైఫైగా పంచేలా పెట్టుకుంటే చాలు, ఏ అడాప్టరూ దానికి సాటి రాదు. వైరు కొనేటప్పుడు అసలు రాగిదే అడగండి, అల్యూమినియం మీద రాగి పూత పూసింది చౌకగా అంటగడతారు. ఇంకో మాట, రెండు చివర్లా ప్లగ్గులో లోపలి ఎనిమిది తీగలూ క్రింప్ చేయించండి (నొక్కి బిగించమనండి). నాలుగే వేసి ‘పనిచేస్తుంది సార్’ అని వెళ్ళిపోయేవాళ్ళున్నారు. పనిచేస్తుంది, 100 ఎంబీపీఎస్ దాటదు.

ప్రశ్న: చిత్తూరు గిరింపేటలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన మా అన్న కుటుంబం. మీటర్లు వేరు వేరు. మా నెట్టే వాళ్ళకూ ఈ అడాప్టర్లతో ఇవ్వొచ్చా?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ కేసులో డబ్బులు పెట్టొద్దంటాను. సిగ్నల్ మీ మీటరు దాటి బయటికెళ్ళి, వాళ్ళ మీటరు దాటి లోపలికి రావాలి. రెండు మీటర్లూ ఒకే చోట, ఒకే ఫేజు నుంచి ఉంటే ఒక్కోసారి అందుతుంది కానీ, దాన్ని నమ్ముకుని ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకోలేరు. బయటి గోడ వెంబడి పైపు వేసి ఒక వైరు పైకి తీసుకెళ్ళండి. ఎండావానలకు తట్టుకునే అవుట్‌డోర్ రకం క్యాట్6 తీసుకోండి. ఉరుములు మెరుపుల కాలంలో పోర్టులు కాలిపోతాయని భయముంటే ఫైబర్ వైరే లాగించండి, గాజు కాబట్టి పిడుగుపాటు కరెంటు అందులోంచి రాదు. ఆ వైరులో ఇనుప తీగ ఉంటే మాత్రం దాన్ని ఇంట్లోకి రానివ్వకుండా బయటే కత్తిరించమనండి.

ప్రశ్న: కరెంటు పోతే ఈ అడాప్టర్లు పనిచేస్తాయా? మాకు ఇన్వర్టర్ ఉంది.
– ఓ పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: రెండు అడాప్టర్లూ ఇన్వర్టర్ లైను మీదే ఉంటే పనిచేస్తాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మన ఇళ్ళలో ఫ్యాన్లు, లైట్లు, చిన్న ప్లగ్గులు ఇన్వర్టర్ మీద, గీజరు, ఏసీ, ఫ్రిజ్ పాయింట్లు నేరుగా కరెంటు మీద ఉంటాయి. ఒక అడాప్టర్ ఇటు, ఒకటి అటు పెడితే కరెంటు ఉన్నప్పుడు కూడా సిగ్నల్ ఇన్వర్టర్‌ను దాటాల్సి వచ్చి నీరసపడుతుంది, కరెంటు పోయాక ఒకటి ఎలాగూ ఆరిపోతుంది. స్క్వేర్ వేవ్ (చౌక రకం) ఇన్వర్టర్ అయితే దాని మీద నడిచేటప్పుడు స్పీడ్ ఇంకా పడిపోవచ్చు. రూటర్‌కు పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్ వీటికి పనికిరాదు, అవి గోడ ప్లగ్గులోంచే కరెంటు తీసుకోవాలి. ఇన్వర్టర్ లేని ఇళ్ళవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, కరెంటు పోయినప్పుడు కింద రూటర్ బతికున్నా పైన నెట్ ఉండదు.

ప్రశ్న: పక్కింటివాళ్ళు ఇలాంటిదే ఒక అడాప్టర్ కొని మా నెట్ లాక్కోగలరా?
– ఓ పాఠకుడు, రేణిగుంట

జవాబు: అడాప్టర్ల తాళం, అంటే పాస్‌వర్డు, మార్చకపోతే వీలుంది. సిగ్నల్ మీ మీటరు దగ్గర గీత గీసినట్టు ఆగిపోదు, కొంత బయటికి పోతుంది. హోమ్‌ప్లగ్ రకాలన్నిటికీ ఫ్యాక్టరీ నుంచి ఒకే పాస్‌వర్డు వస్తుంది. అందుకని కొనగానే ఒకదాని మీద పెయిర్ బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు రెండోదాని మీద కూడా నొక్కండి. అప్పుడు మీ రెంటికి మాత్రమే తెలిసిన తాళం తయారవుతుంది, 128 బిట్ల ఏఈఎస్ అనే గుప్తీకరణ, అది మామూలువాళ్ళు పగలగొట్టేది కాదు.

ప్రశ్న: కరెంటు పైపులోనే లాన్ వైరు కూడా తోసేస్తే ఖర్చు తగ్గుతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. సరేనా?
– ఓ పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఒప్పుకోవద్దు. స్పీడ్ సంగతి తర్వాత, పైపులో ఎక్కడైనా కరెంటు వైరు పైపొర చితికి లాన్ వైరుకు తగిలిందంటే 230 వోల్టులు మీ ల్యాప్‌టాప్‌కూ దాన్ని పట్టుకున్న చేతికీ వస్తాయి. వేరే పైపు వేయమనండి. అంత ఖర్చు వద్దనుకుంటే గోడ మీద కేసింగ్ పట్టీ కొట్టి అందులోంచి తీసుకెళ్ళమనండి.