స్లేట్ ట్రక్కును కొందరు ఆకాశానికెత్తితే, కొందరు ఎందుకు పెదవి విరిచారు?

గొడవంతా ధర దగ్గరే. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో స్లేట్ ఆటో అనే కంపెనీ ఈ రెండు సీట్ల ఎలక్ట్రిక్ పికప్‌ను చూపించినప్పుడు, 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ పోను 20 వేల లోపే అంది. 50 డాలర్లు కట్టి చేసుకునే బుకింగులు (వద్దనుకుంటే ఆ డబ్బు వాపసు) కొద్ది వారాల్లోనే లక్ష దాటాయి. ఆ రాయితీ సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. ధర 25 వేల చుట్టూ తేలేసరికి, ‘ఇంకాస్త వేస్తే ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ పికప్ వస్తుంది, నాలుగు తలుపులతో’ అన్న లెక్క మొదలైంది. ఆ లెక్క తప్పేమీ కాదు.

మెచ్చుకున్నవాళ్లకు నచ్చింది లేనితనమే: టచ్‌స్క్రీన్ లేదు, రేడియో లేదు, కిటికీ అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి. బాడీ పలకలు బూడిదరంగు ప్లాస్టిక్, కాబట్టి ఫ్యాక్టరీకి పెయింట్ షాపు ఖర్చే తప్పింది. రంగు కావాలంటే ర్యాప్, అంటే రంగు ప్లాస్టిక్ పొర, అంటించుకోవాలి. విడిగా కొనే కిట్ బిగిస్తే ఐదు సీట్ల ఎస్‌యూవీ అవుతుంది. కానీ స్పీకర్లు, ర్యాప్, కిట్ అన్నీ కలుపుకుంటూ పోతే చౌక అన్న మాటే మిగలదు.

పని కోసం కొనేవాళ్లు చూడాల్సింది వేరు. 52.7 కిలోవాట్‌అవర్ బ్యాటరీతో కంపెనీ అంచనా 240 కిలోమీటర్లు. గట్టి చలిలో, బరువుతో అది బాగా తగ్గుతుంది. సుమారు 650 కిలోలు మోస్తుంది. లాగడం మాత్రం 450 కిలోలే, అంటే చిన్న ట్రైలరుకే సరి. ఊళ్లో సామాను తిప్పడానికి చాలు, పడవ లాగడానికి కాదు.