‘కన్‌స్ట్రక్షన్ కేసుల స్పెషలిస్టు’ అంటే నమ్మొచ్చా?

ప్రశ్న: మూడేళ్ల కిందట రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదున్న అపార్ట్‌మెంటులో ఫ్లాట్ స్వాధీనం చేసుకున్నాం. స్లాబు కారుతోంది, కిటికీల మూలల నుంచి పగుళ్లు వస్తున్నాయి. బిల్డర్ ఫోన్ ఎత్తడం లేదు. ఒక లాయరు గారు ‘నేను కన్‌స్ట్రక్షన్ కేసుల స్పెషలిస్టుని, ఇరవై ఏళ్ల అనుభవం’ అంటున్నారు. వకాల్తా ఇవ్వొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, డాక్టర్లకు ఉన్నట్టు మన దగ్గర లాయర్లకు స్పెషలిస్టు పట్టా అంటూ లేదు. ఫలానా కేసుల్లో నిపుణుణ్నని బోర్డు మీద రాసుకోవడాన్ని లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ 36వ నిబంధన ఒప్పుకోదు. 2008 సవరణ తర్వాత సొంత వెబ్‌సైటులో ఏయే రంగాల్లో ప్రాక్టీసు చేస్తున్నారో చెప్పుకోవచ్చు, అంతే.

ఇరవై ఏళ్ల సంగతి తేల్చడం తేలికే. లాయరుగా నమోదైనప్పుడు ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, అందులో ఏడాది ఉంటుంది. అయితే ఆ ఇరవై ఏళ్లూ చెక్ బౌన్సు కేసులే వాదించి ఉండొచ్చు! కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో లాయరు పేరుతో వెతకండి. అక్కడ కనపడలేదని కొట్టిపారేయకండి, రెరా కేసులు అందులో రావు. తాను వాదించిన రెరా ఉత్తర్వుల కాపీలు రెండు చూపించమని ఆయన్నే అడగండి. అదే బిల్డర్ తరఫున ఎప్పుడైనా హాజరయ్యారా అనీ మొహమాటం లేకుండా అడగండి.

నేనైతే ఇంకో పని చేస్తాను. కిటికీ మూల పగులు ఫొటో ఆయన ముందు పెట్టండి. ఈ కేసులు నడిపి ఉన్నవారు ముందుగా సెక్షన్లు వల్లించరు. పగులు ఏటవాలుగా పోతోందా, ప్లాస్టరింగ్ మీదే ఉందా, ఇటుక దాకా దిగిందా, గోడకు అవతలి వైపు కూడా కనిపిస్తోందా అని ఆరా తీస్తారు. రిపేరు చేయించకముందే స్ట్రక్చరల్ ఇంజనీరుతో నివేదిక రాయించమంటారు. సున్నం కొట్టేశాక పగులు ఉండేదని రుజువు చేయడం ఎంత కష్టమో వాళ్లకు తెలుసు.

ఆ లాయరు మీ ఫ్లాట్ స్వాధీనం తేదీ కూడా అడగాలి. రెరా చట్టం 14(3) ప్రకారం, స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, ఆయన 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే మీకు పరిహారం అడిగే హక్కు ఉంది. ‘రెండేళ్లు దాటాయి, ఇక కేసు లేదు’ అన్నారంటే వినియోగదారుల చట్టం గడువును తెచ్చి దీనికి అంటగడుతున్నారన్నమాట. అలాంటివారికి దణ్ణం పెట్టి లేచి రండి.

రెరాలో మీ ఫిర్యాదు మీరే వినిపించుకోవచ్చు, 56వ సెక్షన్ ఆ వీలిచ్చింది. కానీ స్లాబు కారడం, పగుళ్లు రెండూ కలిసిన కేసు కదా, లాయరు ఉంటేనే మేలు. లాయరును వెతకడానికి నెల పట్టినా ఫర్వాలేదు. బిల్డర్‌కు మాత్రం ఈ వారంలోనే లోపాలన్నీ రాసి స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోండి.