గర్భసంచి తీశాక బిందె ఎప్పుడు ఎత్తొచ్చు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో గడ్డలు) వల్ల ల్యాప్రోస్కోపీలో (చిన్న కోతల ఆపరేషన్) గర్భసంచి తీసేస్తామన్నారు. అండాశయాలు ఉంచుతారట. ఇంటి పనులు ఎప్పుడు చేసుకోవచ్చు?

జవాబు: సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. పొట్టపై కోతలు చిన్నవే అయినా, లోపల యోని పైభాగంలో వేసిన కుట్లు మానడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అందాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తకండి. నిండు బిందె 10 కిలోలు దాటుతుంది! కలయికా వద్దు. ముక్కితే కుట్లపై ఒత్తిడి పడుతుంది, మలబద్ధకం రానివ్వకండి. అలాగని మంచానికే అతుక్కుపోవద్దు (మన ఇళ్లలో కదలనివ్వరు కదా). కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. తేలికపాటి నడక మొదటి రోజు నుంచే మంచిది. కొన్ని వారాలు యోని నుంచి కొద్దిగా రక్తపు మరకలు కనిపించడం సహజం. గంటకో ప్యాడ్ తడిసినా, జ్వరం, దుర్వాసన, ఒక పిక్కలో వాపు ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అండాశయాలు ఉంటాయి కాబట్టి, నెలసరి ఆగినా మెనోపాజ్‌లో వచ్చే వేడి ఆవిర్లు అప్పటికప్పుడే మొదలుకావు.