మధ్యాహ్నం ఓడెక్కి సాయంత్రం బయలుదేరితే ఆ రోజు దండగేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హైదరాబాద్ నుంచి ఏడెనిమిది మంది స్నేహితులు ముంబై–గోవా క్రూజ్‌కి వెళ్తున్నారు. ఓడెక్కేసరికే మధ్యాహ్నం దాటుతుంది, కదిలేసరికి సాయంత్రం అవుతుంది. మరి డబ్బు కట్టిన మొదటి రోజు దండగే కదా అని.

నేను పాత కాలేజీ స్నేహితులతో ఇదే దారిలో వెళ్లాను. ఆ ట్రిప్పులో అందరికీ ఎక్కువగా గుర్తుండిపోయింది మొదటి రోజే. అయితే ఆ రోజు బాగా గడవడం ఓడ కన్నా మీ గుంపు చేతిలో ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే తీరం దాటిన కాసేపటికి మీ ఫోన్లు పనిచేయడం మానేస్తాయి. ఈ సంగతి వినడానికి చిన్నదే గానీ, మొదటి రోజంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అందుకే వివరంగా చెప్తాను.

ముందు ప్రయాణం. ఓడ బయలుదేరే రోజు పొద్దున్నే శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కి ముంబైలో దిగుదామనే ప్లాన్ వద్దు. గంటన్నర ప్రయాణమే కదా అనిపిస్తుంది. కానీ ఫ్లైట్ లేటైతే ఓడ మీ కోసం ఆగదు. ఇంకో విషయం, టికెట్ మీద ఓడ బయలుదేరే టైమ్ కన్నా ముందే చెక్-ఇన్ గడువు ఉంటుంది. మీకు లెక్కలోకి వచ్చేది ఆ గడువే. మేం ముందు రోజు మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారేసరికి ముంబైలోని సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దింపింది. అక్కడి నుంచి ఓడలు ఆగే బల్లార్డ్ పియర్ కూతవేటు దూరమే, టాక్సీలో నిమిషాల పని. పైగా స్నేహితులతో ట్రిప్పంటే రాత్రి రైల్లో పేకాట లేకుండా ఎలా చెప్పండి?

టెర్మినల్‌లో జరిగేది ఎయిర్‌పోర్టులో జరిగేదానిలాగే ఉంటుంది: ఒరిజినల్ గుర్తింపు కార్డు, స్కానింగ్, క్యూ. పెద్ద బ్యాగులు అక్కడే తీసుకుంటారు. అవి మీ గది గుమ్మం దగ్గరికి చేరేసరికి కొన్ని గంటలు పట్టొచ్చు. కాబట్టి మందులు, చార్జర్, ఈత దుస్తులు, సాయంత్రం వేసుకునే ఒక జత చేతి సంచిలో పెట్టుకోండి. ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటివి తీసుకెళ్లనివ్వరు, బయటి తిండి కూడా సాధారణంగా ఒప్పుకోరు. మా రజిత తెచ్చిన ఆవకాయ సీసా గురించి అక్కడ జరిగిన చర్చ పార్లమెంటులో కూడా జరిగి ఉండదు.

లోపల అడుగుపెట్టగానే చేతికి ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, ఖర్చుల ఖాతా అదే. గుంపుగా వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే, ఎవరి కార్డు మీద ఖర్చు వాళ్లే పెట్టుకోండి. 'ఈ రౌండ్ నాది, తర్వాతిది నీది' అని మొదలుపెడితే చివరి రోజు లెక్కలు తేలవు.

ముంబై నుంచి తిరుగుతున్న ఓడల్లో మీరు బహుశా ఎక్కబోయేది ఎంప్రెస్. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో మొదలైన ఓడ ఇది. 2021 సెప్టెంబరు నుంచి కార్డీలియా కంపెనీ ముంబై నుంచి నడుపుతోంది. పొడవు 210 మీటర్ల పైనే. ఈ అంకె ఎందుకు చెప్తున్నానంటే, ఆ పొడవుకి అన్నేసి అంతస్తులు కలుపుకుని, అందులో ఫోన్ లేకుండా ఒక మనిషిని వెతకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మన హైదరాబాదీల స్నేహమంతా 'ఎక్కడున్నావ్ రా', 'ఐదు నిమిషాల్లో వస్తున్నా' అనే రెండు మాటల మీద నడుస్తుంది. ఇంకా స్నానానికి కూడా వెళ్లకుండానే అమీర్‌పేట్ దాటానని చెప్పేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. మాలో శ్రీను ఆ టైపు. ఓడలో ఆ ఆట సాగదు. సిగ్నల్ పోయాక వాట్సాప్ గ్రూప్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఓడ వైఫైకి సాధారణంగా విడిగా డబ్బు కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఓడ కదిలాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే అది ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ని పట్టుకుంటే రోమింగ్ బిల్లు చూసి గుండె జారుతుంది.

అందుకే ఓడెక్కిన వెంటనే, బఫే వైపు పరిగెత్తకముందే ఒక పని చేయండి. అందరూ కలిసి ఓడ మొత్తం ఒక చుట్టు తిరిగి, కలుసుకునే చోటు ఒకటి పెట్టుకోండి. 'పూల్ దగ్గర' అంటే సరిపోదు, పూల్‌కి ఏ పక్కన అనేది కూడా తేల్చుకోవాలి. టైమ్ చెప్పుకోండి, పది నిమిషాలు చూసి మిగతావాళ్లు వెళ్లిపోతారనీ చెప్పుకోండి. ఎవరి గది నంబరు ఎంతో అందరూ కాగితం మీద రాసుకోండి. గదిలో ఇంటర్‌కామ్ ఉంటుంది, అవసరమైతే తలుపు కింద చీటీ తోయొచ్చు. మేం ఇలాగే చేశాం. మొదటిసారి శ్రీను ఎప్పటిలాగే రాలేదు, పది నిమిషాలు చూసి మేం షోకి వెళ్లిపోయాం. ఆ తర్వాత ట్రిప్పంతా అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది వాడే! ఇరవై ఏళ్లుగా మేం తిట్టినా మారనివాడు ఒక్క సాయంత్రంతో మారిపోయాడు. (హైదరాబాద్ రాగానే మళ్లీ మామూలే, అది వేరే కథ.)

ఇక సేఫ్టీ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే రిహార్సల్. దీన్ని ఎగ్గొట్టి బార్‌లో కూర్చుందామనేవాడు మీ గుంపులోనూ ఉంటాడు. వాడికి ఈ సంగతి చెప్పండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ రాయికి తగిలి ఒరిగినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందలాది మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు, ఎందుకంటే అప్పటి నియమం ప్రకారం ఎక్కిన 24 గంటల్లోపు పెడితే చాలు. తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 నుంచి ఓడ బయలుదేరకముందు గానీ, బయలుదేరిన వెంటనే గానీ డ్రిల్ జరిపి తీరాలి. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీకు కేటాయించిన చోటికి చేరాలి. ఆ చోటు ఎక్కడో గది తలుపు వెనక రాసి ఉంటుంది. ఫోన్లు పనిచేయని చోట గుంపంతా ఒకచోట చేరడం ఎలాగో ఆ డ్రిల్లే నేర్పుతుంది, అదీ ఉచితంగా.

ఆ తర్వాత వచ్చేదే మొదటి రోజులో అసలు గంట. తాళ్లు విప్పుతారు, ఓడను లాగే చిన్న టగ్ బోట్లు పక్కకొస్తాయి, ఓడ నెమ్మదిగా రేవు వదులుతుంది. జనమంతా ఎటు పడితే అటు నిలబడతారు. మీరు మాత్రం ఓడ ముందు భాగం వైపు ముఖం పెడితే కుడిచేతి వైపున్న రెయిలింగ్ దగ్గర చోటు పట్టుకోండి. ఓడ దక్షిణంగా వెళ్తుంది కాబట్టి ఊరు మీకు పడమటి పక్కన, అంటే కుడివైపు ఉంటుంది. గేట్‌వే ఆఫ్ ఇండియా, దాని వెనక తాజ్ హోటల్, తర్వాత కొలాబా, పొద్దు కూడా అటే గుంకుతుంది. ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ చూస్తూ పెరిగిన మాకు, ఒడ్డే మన నుంచి దూరంగా వెళ్లిపోతున్నట్టుండటం కొత్తగా అనిపించింది. ఎప్పుడూ నోరు మూయని మా గుంపు అప్పుడు సెల్ఫీలు కూడా మర్చిపోయింది. కాసేపే లెండి. ఎవడో 'టీ ఎక్కడ దొరుకుద్ది రా' అన్నాడు.

కడుపు సంగతి. బయటి సముద్రంలోకి వెళ్లాక ఊపు తెలుస్తుంది. చలికాలంలో అరేబియా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. వాంతుల భయం ఉన్నవాళ్లు ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది తీసుకుంటే కుదుపు తక్కువ. తల తిరుగుతుంటే గదిలో పడుకునే కన్నా డెక్ మీదికెళ్లి సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడటం మేలు. అవోమిన్ లాంటి మాత్ర వేసుకోవాలంటే వాంతి మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. ఎవరికి సరిపడుతుందో డాక్టర్ని అడిగి వెళ్లండి. దానితో నిద్రమత్తు వస్తుంది, కాబట్టి ఆ రాత్రి మాత్రో పెగ్గో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఈ మాట మా వాళ్లెవరికీ నచ్చలేదు.

భోజనానికి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ఉత్తరాది వంటలు ఎక్కువే అయినా అన్నం, పప్పు, పెరుగు మాకు దొరికాయి. బిర్యానీ అని రాసి ఉన్న గిన్నె జోలికి మాత్రం వెళ్లకండి, హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు బాధపడతారు.

చివరగా, బాల్కనీ గది కోసం అంత డబ్బు పెట్టాలా అనేది కూడా అడిగారు. దంపతులైతే తీసుకోండి. స్నేహితుల గుంపైతే కిటికీ లేని లోపలి గది చాలు. మేం ఆ గదుల్లో పడుకోవడం తప్ప ఇంకేం చేయలేదు, ఆ పడుకోవడం కూడా తెల్లవారుజామునే. మిగిలిన డబ్బుతో ముందు రోజే ముంబైకి బయలుదేరండి.