అరకులో రాత్రి చలి కొండ మీద కాదు, లోయ అడుగున

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దీపావళి తర్వాత అమ్మానాన్నల్ని హైదరాబాద్ నుంచి అరకు తీసుకెళ్దామనుకుంటున్నారు. ఫోన్‌లో చూస్తే ఒక రోజు పగలు 27 డిగ్రీలు, రాత్రి 11 అంటోంది. నాలుగు రోజులాగి చూస్తే పగలు 21, రాత్రి 18 అంటోంది. ఏది నమ్మాలి, మంచు పడుతుందా, ఆయాసం ఉన్న నాన్నగారిని ఆ చలికి తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. అరకు పక్కన ఒక ఆశ్రమ పాఠశాలలో నేను ఆరేళ్ళు సైన్సు చెప్పాను. అక్కడి అక్టోబర్, నవంబర్ నెలలు దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆ అంకెల సంగతి. రెండూ నిజమే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏదీ లేకపోతే ఆ రోజుల్లో ఆకాశం కడిగినట్టు ఉంటుంది. పగలంతా ఎండ కాస్తుంది. పొద్దు గూకగానే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, ఆపడానికి మబ్బు ఉండదు. తెల్లారేసరికి 11, 10, ఒక్కోసారి 9. అదే సముద్రంలో అల్పపీడనం ఏర్పడితే తూర్పు నుంచి తేమ గాలులొచ్చి కొండలంతా మబ్బు కమ్ముతుంది, ముసురు పడుతుంది. ఎండ లేక పగలు 21 దాటదు. రాత్రి ఆ మబ్బే దుప్పటిలా కప్పి ఉంచుతుంది కాబట్టి 17, 18 దగ్గరే ఆగిపోతుంది. వాన పడితే చలి ఎక్కువని మనం అనుకుంటాం. పగటిపూట అది నిజమే. రాత్రి మాత్రం తలకిందులు. అక్కడ వణికించేది చుక్కలు బాగా కనిపించే రాత్రే. మీరు చేరిన రోజు సాయంత్రం ఏడింటికి బయటికొచ్చి తలెత్తి చూడండి, తెల్లవారుజామున ఎన్ని దుప్పట్లు కావాలో తెలిసిపోతుంది.

ఇక మంచు. తెలుగులో ఈ ఒక్క మాటని మూడు వాటికి వాడేస్తాం. హిమాలయాల్లో కురిసేదీ మంచే, గడ్డి మీద బొట్లుగా నిలిచేదీ మంచే, పొద్దున్నే దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే. అరకు వెళ్ళొచ్చి "మంచు లేదు" అని నిరాశపడేవాళ్ళలో చాలామంది మొదటి రకాన్ని ఊహించుకుని వెళ్ళినవాళ్ళు. అది అక్కడ కురవదు. లంబసింగిలో డిసెంబర్, జనవరిలలో ఒక్కోసారి గడ్డి మీద బొట్లు తెల్లగా బిగుసుకుంటాయి గానీ అవీ ఆకాశం నుంచి పడినవి కావు, నేల మీదే తయారైనవి. మీకు దొరికేది పొగమంచు, దాంతోపాటు విపరీతమైన తడి. మా క్వార్టర్ రేకుల చూరు నుంచి తెల్లవారుజామున టపటపా నీళ్ళు కారేవి. మొదటి ఏడాది వాన అనుకుని లేచి తలుపు తీశాను. పైన నిండా చుక్కలు.

అసలు విషయం నాకు నేర్పింది పిల్లలు. మా క్వార్టర్ లోయ అడుగున, గెడ్డ (వాగు) పక్కన, వరి మళ్ళ మధ్య ఉండేది. ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి ఊరు ఎదురు కొండ వాలులో, మాకంటే దాదాపు నూట యాభై మీటర్లు పైన. దీపావళికి ఇంటికెళ్ళి తిరిగొచ్చి "మా ఊళ్ళో ఇంత చలి లేదు సార్" అంది. పైకి వెళ్ళేకొద్దీ చల్లబడుతుందని, వెయ్యి మీటర్లకి ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని అంతకు ముందు వారమే నేను బోర్డు మీద రాసి చెప్పి ఉన్నాను. విశాఖ వెళ్ళినప్పుడు రెండు థర్మామీటర్లు కొన్నాను. రెండు రోజులు పక్కపక్కనే వేలాడదీసి, రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయని రూఢి చేసుకున్నాక ఒకటి మా పెరట్లో, ఒకటి వాళ్ళింటి చూరు కింద. వాళ్ళన్నయ్య ఇంటర్ చదువుతూ రోజూ కిందికి దిగేవాడు, ఉదయం ఆరింటి అంకె కాగితం మీద రాసి తెచ్చేవాడు.

పన్నెండు రోజులు రాశాం. తొమ్మిది రోజులు ఆకాశం నిర్మలంగా ఉంది. ఆ తొమ్మిది రోజులూ కిందే చలి ఎక్కువ, తేడా మూడు నుంచి ఐదు డిగ్రీలు. ఒక పొద్దున మా దగ్గర 9 ఉంటే వాళ్ళింటి దగ్గర 14. మిగతా మూడు రోజులు మబ్బు పట్టింది. ఆ మూడు రోజులే నేను బోర్డు మీద రాసిన లెక్క నిజమైంది: పైన ఒక డిగ్రీ తక్కువ. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

కారణం తెలిస్తే చాలా తేలిక. చల్లబడిన గాలికి బరువెక్కువ. రాత్రంతా అది నాలుగు వైపుల వాలుల మీది నుంచి నీళ్ళలాగే కిందికి జారుతుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట లాంటివి ఇంకా ఎత్తుగా లేచి ఉండటంతో ఆ లోయ ఒక గిన్నె. చల్లగాలి అందులో నిండుతుంది. గెడ్డల తేమ, తడి మళ్ళ తేమ తోడై పొగమంచు అవుతుంది. కింద ఉన్నవాడికి ఎదుటి మనిషి కనపడడు. వాలు మీద ఉన్నవాడు ఎండలో నిలబడి కింద పాలపొంగు చూస్తుంటాడు. పాడేరు దగ్గర వంజంగికి జనం చీకటితో కొండెక్కేది ఈ దృశ్యం కోసమే. ఫోన్ చూపించే అంకె మాత్రం కొండనీ లోయనీ కలిపి కట్టిన ఒకే లెక్క. అందులో ఈ ఐదు డిగ్రీల తేడా కనపడదు.

నాన్నగారి విషయానికి ఇదే ముఖ్యం. చలికాలపు పొద్దున్న మా హాస్టల్ వంటగది పొగ నిటారుగా సిల్వర్ ఓక్ చెట్టంత లేచి, అక్కడ ఏదో పలక తగిలినట్టు ఆగిపోయి అడ్డంగా పరుచుకునేది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది మరి. ఊళ్ళో పొయ్యిల పొగ, చలిమంటల పొగ, రోడ్డు మీది బండ్ల పొగ అన్నీ ఆ మూత కిందే. ఎండ తగిలి నేల వేడెక్కాక, ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య, అరగంటలో ఆ మూత లేచిపోతుంది. ఆయాసం ఉన్నవారికి చలి కంటే ఆ తడి పొగే ఎక్కువ ఇబ్బంది. మా వార్డెన్‌గారికీ ఆయాసం ఉండేది. ఆయన నవంబర్ నుంచి తొమ్మిదిలోపు గడప దాటేవారు కాదు. మీరు బస ఊరి మధ్యలో కాకుండా కాస్త వాలు మీద, తూర్పు ఎండ పడే చోట చూసుకోండి. మీ డాక్టర్‌ని కూడా ఒక మాట అడగండి.

దారిలో వాతావరణం వేరు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి ఘాట్ ఎక్కుతుంటే అనంతగిరి వైపు వాలులు సముద్రానికి ఎదురుగా ఉంటాయి. మధ్యాహ్నానికి తేమ గాలి ఆ వాలు పట్టుకుని ఎక్కి మబ్బవుతుంది. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర మధ్యాహ్నం రెండింటికి కారు చుట్టూ కమ్మేది పొద్దుటి పొగమంచు కాదు, అది మబ్బే. మబ్బులోంచి దాటి అరకు దిగేసరికి చాలాసార్లు అక్కడ ఎండ ఉంటుంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైల్లో వెళ్తే బొర్రా గుహలు దాటాక ఈ మార్పు సొరంగం సొరంగానికీ తెలుస్తుంది. నాకు రోడ్డు కంటే రైలే ఇష్టం. కారులో వెళ్తే మాత్రం మధ్యాహ్నంలోపే ఘాట్ ఎక్కేయండి.

అక్టోబర్ మధ్యలో మాత్రం ఎవరినీ రమ్మనను. నైరుతి రుతుపవనాలు వెనక్కి తగ్గుతూ ఈశాన్య రుతుపవనాలు ఇంకా కుదురుకోని రోజులవి, బంగాళాఖాతం బాగా వేడిగా ఉంటుంది. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటాయి. తేదీలు చూడండి. హుద్‌హుద్ నాడు నేను అక్కడే ఉన్నాను. సముద్రానికి ఇంత దూరం, ఇంత ఎత్తు, మనకేం కాదనుకున్నాం. మర్నాడు చూస్తే కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేళ్ళతో సహా మొక్కల మీద కూలి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళకి గాని ఎదగని చెట్లు. ఒక రైతు కూలిన చెట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. పడిన చెట్టు కంటే, నీడ పోయి ఎండకు మాడే మొక్కల గురించే ఆయన బెంగ.

ఆ మాట ఎందుకంటే, అక్కడ నవంబర్ ముసురు మనకి ఒక రోజు తిరుగుడు పోగొడుతుంది, రైతుకి అంతకంటే చాలా ఎక్కువ. కాఫీ పళ్ళు ఎర్రబడి కోతకొచ్చేది అప్పుడే. వాన పడితే పండు పగిలి రాలుతుంది. కోసి తార్పాలిన్ మీద ఆరబోసిన గింజకి ఎండ అందక బూజు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తూర్పున మబ్బు నల్లబడితే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చి గింజలు కుప్పచేసి కప్పేస్తారు. వలిసె చేలు కూడా అదే సమయంలో పసుపు పచ్చగా పూస్తాయి. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కకండి దయచేసి, అది నూనెగింజల పంట.

మీ సెలవులు దీపావళి తర్వాత అంటున్నారు కాబట్టి నవంబర్ రెండో వారం నుంచి ఏ తేదీ అయినా ఫరవాలేదు. వారం ముందు నుంచి విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలు చూడండి. అల్పపీడనం, వాయుగుండం అన్న మాట వినిపిస్తే మూడు రోజులు వెనక్కి జరపండి. గట్టి వాన తర్వాత ఘాట్‌లో కొండచరియలు జారతాయి, పెద్దవాళ్ళతో ఆ దారిలో ఇరుక్కోవద్దు. లేదంటే నిశ్చింతగా వెళ్ళండి. సాయంత్రం ఐదుకే పడమటి కొండల నీడ లోయలో పడుతుంది, ఆ నీడతోపాటే చలి మొదలు. నాన్నగారికి కుళ్ళాయి, మఫ్లర్, మందులు చేతి సంచిలోనే పెట్టండి, పెట్టెలో కాదు.