ప్రొక్టోలిన్ వేసినా బొద్దింక పేగు కదలట్లేదా? ముందు సెలైన్ మార్చండి

అనంతపురంలో పీజీ ప్రాజెక్టు కోసం బొద్దింక హైండ్‌గట్‌ను (పేగు వెనక భాగం) కప్ప రింగర్‌లో (కప్ప కణజాలానికి వాడే సెలైన్, అంటే ఉప్పు ద్రావణం) వేలాడదీశాననీ, ప్రొక్టోలిన్ (పేగు కండరాన్ని ముడిచే చిన్న ప్రొటీన్ ముక్క, పెప్టైడ్) వేసినా కదలికలను నమోదు చేసే డ్రమ్ము మీద గీత కదల్లేదనీ, మందు పాడైందా అనీ అడిగారు.

మందును చివర అనుమానిద్దాం. ముందు ఆ రింగర్ పారబోయండి. కప్పకు లీటరుకు 6.5 గ్రాముల సోడియం క్లోరైడ్ చాలు. బొద్దింకకు 12.3 గ్రాములు కావాలి. దానికి పొటాషియం క్లోరైడ్ 0.23 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.26 గ్రాములు, 2 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్ కలపండి, పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. కాల్షియాన్ని విడిగా కరిగించి, అన్నిటికన్నా చివర, కలుపుతూ పోయాలి. లేదంటే ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుగుకు దిగుతుంది. కాల్షియం అందని కండరం సరిగ్గా ముడుచుకోదు. నీళ్లు డిస్టిల్డ్ వాటరే. మన జిల్లా బోరు నీళ్లతో ఈ లెక్కలేవీ నిలవవు.

బొద్దింకను 10–15 నిమిషాలు ఐసులో ఉంచి కోయండి. మాల్పీజియన్ నాళికలు (విసర్జనకు పనికొచ్చే సన్న గొట్టాలు) అతుక్కున్న చోటికి కాస్త వెనక ఒక దారం, రెక్టం చివర ఇంకో దారం. లెన్సు కింద వెండి తీగల్లా మెరిసేవి శ్వాసనాళాలు. వాటిని కత్తిరించండి, లాగితే పేగు చిరుగుతుంది. మెరవని సన్నటి తెల్ల పోగు నరం. కప్ప గుండెకు వాడే లీవర్ (గీత గీసే మీట) ఈ పేగుకు బరువెక్కువ. సన్న చీపురు పుల్లతో చేసుకోండి.

అరగంట వదిలేస్తే పేగు తనంతట తానే కదులుతుంది. అది కండరం సొంత లయ, నరం పని అనుకోకండి. నరం నుంచి వచ్చే ప్రొక్టోలిన్ ఆ లయను పెంచుతుంది, కండరాన్ని బిగిస్తుంది. కాబట్టి 5 నిమిషాల మామూలు గీత ముందే ఉండాలి, లేకపోతే పోల్చడానికేమీ ఉండదు.

0.65 మిల్లీగ్రాముల ప్రొక్టోలిన్ 1 మిల్లీలీటరులో కరిగిస్తే 1 మిల్లీమోలార్ స్టాకు ద్రావణం. దాన్ని వెయ్యింతలు పలచన చేసి, 10 మిల్లీలీటర్ల బాత్‌లో (పేగు వేలాడే సెలైన్ పాత్ర) 10 మైక్రోలీటర్లు వేస్తే 1 నానోమోలార్. అక్కడి నుంచి పైకి వెళ్లండి. 1975లో శాస్త్రవేత్తలు స్టారట్, బ్రౌన్ ప్రొక్టోలిన్‌లోని 5 అమైనో ఆమ్లాల వరుస తేల్చడానికి 1,25,000 బొద్దింకల నుంచి దక్కింది 180 మైక్రోగ్రాములే! ఇంత పలచన ద్రావణంలో పెప్టైడ్ గాజుకు అంటుకుపోతుంది. ప్లాస్టిక్ ట్యూబుల్లో ఏ రోజుకారోజు చేసుకోండి. డోసుకూ డోసుకూ మధ్య మూడుసార్లు కడిగి 10 నిమిషాలు ఆగండి.

బొద్దింకలు డ్రైనేజీలో పట్టినవైతే పురుగుమందు తగిలి ఉండొచ్చు; రెండు వారాలు పెంచి వాడండి. ఎండాకాలం పొద్దున్నే చేయండి.

ఇంత చేసినా కదలకపోతే 1 మిల్లీమోలార్ గ్లుటమేట్ (ఈ పేగును ముడిచే మరో రసాయనం) వేసి చూడండి. దానికి పేగు ముడుచుకుని ప్రొక్టోలిన్‌కు ముడుచుకోకపోతే, అప్పుడు మందు మార్చండి.